మూడంటే దేంట్లో మూడు?

ఇందాకే మా వీధిలోంచి అమ్మవారి ఘటం వెళ్లింది. కిటికీ మూసినా వాసన లోపలికి వచ్చేసింది. పసుపు నీళ్లు, నలిగిన వేపాకు, సాంబ్రాణి పొగ, వాటి వెనకే నిప్పుకు కాచి బిగించిన డప్పుల తోలు వాసన. ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలో, మా న్యూ సెటిల్‌మెంట్‌లో ఎండలు ముదిరితే ఈ వాసన తప్పదు. చాలామందికి ఇది పండగ వాసన. నాకు మాత్రం ఇది తగిలినప్పుడల్లా నోరు చేదవుతుంది. ఒక మనిషి ఎడమ కనురెప్ప గుర్తొస్తుంది. సాయంత్రమయ్యేసరికి సగం వాలిపోయి, వేలితో ఎత్తి పట్టుకుంటే తప్ప నిలవని రెప్ప. ఆ రెప్ప వాలడానికి కారణం కంటిలో లేదు. రొమ్ము ఎముక వెనక, గుండెకు ముందు పెరిగిన ఒక గడ్డలో ఉంది. ఆ గడ్డకు ఎవరో ఒక అంకె చెబితే, ఆ అంకెను చూసి బెదిరి, గడ్డ ఉన్న మనిషికే చెప్పకుండా దాచినవాళ్లు ఈ వీధిలోనే ఉన్నారు. ఇందాక ఘటానికి ఎదురెళ్లి, మోసేవాళ్ల కాళ్ల మీద నీళ్లు పోసిన వాళ్లలో వాళ్లూ ఉన్నారు.

ఆవిడ పేరు పైడితల్లి. విజయనగరం వైపు నుంచి ఇక్కడి రైల్వే వర్క్‌షాపు పనికి వచ్చిన తాతగారు, మొక్కుకుంటే పుట్టిన మనవరాలని అక్కడి అమ్మవారి పేరే పెట్టారట. ఆ పేరుతో తిరుగుతూ ఆవిడ ఏ దేవుణ్ణీ నమ్మలేదు. "పేరేమో అమ్మోరిది, నోరేమో నాస్తికులది" అని ఎగతాళి చేస్తే, "పేరు పెట్టినప్పుడు నన్నడిగినారేటి?" అనేవారు. రైల్వే బడిలో తెలుగు మాధ్యమం పిల్లలకు సైన్సు చెప్పేవారు. పొట్టి మనిషి. పాత సైకిలు. గొంతు మాత్రం ప్లాట్‌ఫారం ఈ చివర నుంచి ఆ చివరకు వినిపించేది. మా ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం పొడవు తెలిసినవాళ్లకు ఈ మాట బరువు తెలుస్తుంది. పెళ్లి చేసుకోలేదు. అన్నగారు సింహాచలం కుటుంబంతోనే ఉండేవారు. సింహాచలం మామయ్య వర్క్‌షాపులో బోగీలు మరమ్మతు చేసే షాపులో జీవితమంతా పనిచేసి రిటైరైన మనిషి. చెల్లెలంటే ప్రాణం. ఆ ప్రేమను నేను కాదనను. ప్రేమతో చేసిన అన్యాయానికి శిక్ష ఉండదు, దానికి పేరు కూడా ఉండదు. అందుకే రాస్తున్నాను.

శనివారం మధ్యాహ్నాలు బడి వరండాలో టీచర్ వాదసభ పెట్టేవారు. అటు నలుగురు, ఇటు నలుగురు, మధ్యలో ఆవిడ. నేను మొదటిసారి నిలబడినప్పుడు విషయం మూఢనమ్మకాలు. ఉద్రేకంతో ఊగిపోతూ, "మన ఊళ్లో నూటికి తొంభై మంది మూఢనమ్మకాల్లో మునిగి ఉన్నారు!" అన్నాను. చప్పట్లు పడతాయనుకున్నాను.

"ఎవరు లెక్కపెట్టినారే కుమారీ?" అన్నారు టీచర్. "నువ్వా? మీ నాన్నా?"

పిల్లలంతా గొల్లున నవ్వారు. నాకు చెవులు ఎర్రబడ్డాయి. "అందరికీ తెలిసిందే కదండీ" అని గొణిగాను.

"అందరికీ తెలిసినదే అయితే నువ్వు నిలబడి అరవడమెందుకు? కూకో. ఒలే, నీ పక్షం నిజమైనదే. నిజానికి అబద్ధం సాయం ఎందుకే? కాలు బాగున్నోడికి కర్రిచ్చినట్టు. అంకె చెప్పినావంటే, దేంతో కొలిచినావో చెప్పాల. కొలబద్ద లేని అంకె తిట్టుతో సమానం."

ఆ రోజు ఇంటికి ఏడుస్తూ వెళ్లాను. తర్వాత ఇన్నేళ్లలో వ్యాసాలు రాశాను, సభల్లో మాట్లాడాను, నన్ను తిట్టినవాళ్లను తిరిగి తిట్టాను. కానీ రాసిన ప్రతి అంకె దగ్గరా కలం ఒక్క క్షణం ఆగుతుంది. ఆ ఆగడం నాది కాదు, ఆవిడది.

ఆవిడ దేవుణ్ణి నమ్మేవాళ్లను వెక్కిరించేవారని ఊళ్లో ఒక కట్టుకథ ఉంది. అదీ అబద్ధమే. ఒక ఏడు ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో పిల్లలకు అమ్మవారు పోసింది. ఒళ్లు కాలిపోతున్నా ఆసుపత్రికి తీసుకెళ్లలేదు. తీసుకెళితే అమ్మకు కోపమొస్తుందని. టీచర్ నన్ను వెంటబెట్టుకుని గుడి ముంగిటికి వెళ్లారు. అక్కడ పూనకం వచ్చిన ఒకామె జుట్టు విరబోసుకుని ఊగుతోంది, చుట్టూ జనం. టీచర్ చేతులు కట్టుకుని నిలబడి, "అమ్మా, జ్వరం తగ్గని గుంటల్ని ఆసుపత్రికి తీసుకెళ్లమని నువ్వే చెప్పు. నేను చెబితే వినరు, నువ్వు చెబితే వింటారు" అన్నారు. ఇంత తెలివైన వాదన నేను మళ్లీ వినలేదు. పూనకంలో ఉన్నామె ఒక్క క్షణం ఊగడం ఆపింది. తర్వాత, "నాకే సెప్తావా! నా సంగతి నీకు తెలుస్తాది, సూసుకో!" అని అరిచింది. అంతే. ఆ మాటలు నా చెవులతో విన్నాను. కన్ను గురించి అందులో ఒక్క ముక్క లేదు.

టీచర్ రిటైరైన కొన్నేళ్లకు ఆ రెప్ప వాలడం మొదలైంది. పొద్దున్న బాగానే ఉండేది, సాయంత్రానికి వాలిపోయేది. ఇంటి ముందు అరుగు మీద పిల్లలకు పాఠం మొదలుపెట్టినప్పుడు ఖంగుమనే గొంతు, ముగించేసరికి ముక్కుతో మాట్లాడినట్టయ్యేది. ఒకరోజు టీ ముక్కులోకి వచ్చింది. ఇక ఊరు ఊరుకుంటుందా? "ఆ రోజు అమ్మ ఏటన్నాది? నీ కన్ను మూస్తానన్నాది. మూసీసినాది!" నేను నిలబడి, "ఆవిడ అలా అనలేదు, నేనక్కడే ఉన్నాను" అంటే, "నీకప్పుడు ఏటి తెలుసే, గుంటవి" అన్నారు. ఆ పూనకం వచ్చిన ఆమెకు కూడా తానలా అన్నట్టే గుర్తుంది. శాపం ముందు పుట్టలేదు. రెప్ప వాలాక, దానికి సరిపోయేలా కుట్టుకున్నారు.

చివరికి ఆసుపత్రికి వెళితే, డాక్టరు ఆ రెప్ప మీద ఐసుముక్క చుట్టిన గుడ్డ కాసేపు ఉంచి తీశాడు. రెప్ప లేచింది. టీచర్ చిన్నపిల్లలా అద్దం అడిగి చూసుకున్నారు. "చూడే! అమ్మోరి శాపానికి ఐసు పడదు కాబోలు" అని నవ్వారు. జబ్బు పేరు మయస్థేనియా. నరం పంపే కబురు కండరానికి అందకుండా శరీరంలోని రక్షణ దళమే అడ్డుపడుతుంది. ఈ జబ్బు ఉన్నవాళ్లలో కొందరికి థైమస్ అనే గ్రంథిలో గడ్డ ఉంటుంది కాబట్టి ఛాతీ స్కాన్ తీయాలన్నాడు. చిన్నతనంలో పెద్దగా ఉండి, మన రక్షణ కణాలకు చదువు చెప్పి, వయసు వచ్చాక కుంచించుకుపోయి కొవ్వుగా మారే గ్రంథి అది. "అంటే నాలాగే, బడిపంతులన్నమాట" అన్నారు టీచర్.

స్కాన్ కలకత్తాలో తీశారు. నేను వెళ్లలేదు, వెళ్లినవాళ్లు సింహాచలం మామయ్య, ఆయన కొడుకు. అక్కడ జరిగింది ఈ దేశంలో రోజూ జరిగేదే. పేషెంటును బయట బెంచీ మీద కూర్చోబెట్టారు. మగవాళ్లను లోపలికి పిలిచారు. జీవితమంతా సైన్సు చెప్పిన మనిషి బయట గోడ చూస్తూ కూర్చుంది. ఆమె ఛాతీలో ఏముందో లోపల ఇద్దరికి చెప్పారు. గడ్డ ఉంది, గుండె పొరను అంటుకున్నట్టుంది, మూడో స్టేజి కావచ్చు, ఆపరేషన్ చేయాలి. మామయ్య బయటికొచ్చి, "స్కాన్లో ఏటీ నేదంట. నరాల నీరసమంట. మాత్రలు సాలంట" అన్నాడు.

మాత్రలు నిజంగానే రెప్పను లేపాయి. అందుకే ఆవిడ నమ్మేశారు. అందరి దగ్గరా రుజువడిగే మనిషికి అన్న దగ్గర అడగాలని తట్టలేదు. వానలు పోయాయి, చలి పోయింది. మళ్లీ ఎండలొచ్చాయి.

ఒకరోజు గోల్ బజార్‌లో మామయ్య కనబడ్డాడు. సైకిలు హ్యాండిల్‌కు రెండువైపులా కొబ్బరికాయల సంచులు.

"ఏటి మామయ్యా, ఇంట్లో పెళ్లేటి?"

"పెళ్లి కాదే. మొక్కు." అటూ ఇటూ చూసి సైకిలు నా దగ్గరకు జరిపాడు. "నీకు సెప్తన్నాను, నీ నోట్లోనే ఉండాల. మా సెల్లికి గుండెకాయ ముందర గెడ్డున్నాది. మూడో స్టేజంట."

"టీచర్‌కి తెలుసా?"

"తెలిస్తే బతుకుతాదేటి? ఆపరేషను సేస్తామన్నారు. మూడో స్టేజిలో కొయ్యడమెందుకు? ఉన్నన్నాళ్లు నవ్వుతా ఉంటాది. అమ్మోరికి సెప్పుకున్నాను."

"మూడంటే దేంట్లో మూడు?"

"ఏటదేంట్లో? మూడంటే మూడే! నాలుగైతే మనిసి దక్కదు. సినిమాలు సూడ్లేదేటి నువ్వు?"

ఈ జవాబుకు నవ్వాలో ఏడవాలో ఇప్పటికీ తెలియదు. ఆయన చదువుకోని మనిషేం కాదు. బోగీల లెక్క తెలిసిన మనిషి. ఊరి సంగతీ అంతే. మా రైల్వే ఊళ్లో బతుకంతా ముద్రలతో నడుస్తుంది. బోగీ వచ్చిందంటే ఒక ముద్ర: ఇది మరమ్మతుకు, ఇది కండెమ్‌కు, అంటే తుక్కుకు. కండెమ్ అని రాశాక దానికి ఎవరూ రంగు వేయరు. ఆయనకు "మూడు" అన్న మాట చెల్లెలి నుదుటి మీద రాసిన ముద్రలా వినిపించింది. ముద్ర ఎవరు, దేన్ని చూసి వేశారో అడగాలనిపించలేదు.

మర్నాడు పొద్దున్నే టీచర్ దగ్గరకు వెళ్లాను. రెప్ప గట్టిగా ఉండే వేళ. అరుగు మీద కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతున్నారు.

"టీచర్, మీ స్కాన్ సంగతి నాకొకటి తెలిసింది. మీకు తెలుసుకోవాలని ఉందా?"

చేట పక్కన పెట్టారు. "వద్దంటే ఊరుకుంటావా?"

"ఊరుకుంటాను."

"ఊరుకుంటావు గానీ నీ ముఖం ఊరుకోదు. చెప్పు."

చెప్పాను. ఆవిడ ఏడవలేదు. ఎన్నాళ్లు బతుకుతానని అడగలేదు. "అన్నియ్యకి ఎప్పట్నుంచి తెలుసు?" అని మాత్రం అడిగారు. వానాకాలం నుంచి అన్నాను. అప్పుడు ఆ ముఖంలో ఏదో విరిగింది. గడ్డ సంగతి విన్నప్పుడు విరగనిది.

లోపల్నుంచి మామయ్యను పిలిచారు. ఆయన వచ్చి నన్ను చూడగానే విషయం అర్థమై, "నీ నోట్లోనే ఉండాలన్నాను కదే!" అని నా మీదకు లేచాడు.

"దాన్నెందుకు తిడతావు? ఇటు చూడన్నియ్యా" అన్నారు టీచర్. "నీ షాపులోకి బోగీ వొస్తే పైన తుప్పు చూసి కండెమ్ రాసీసినావా ఎప్పుడైనా?"

"ఎందుకు రాస్తాను? రేకులు ఇప్పాల, నేల పలకలు తియ్యాల. లోపలెంత తినీసినాదో సూస్తేనే కదా తెల్సేది."

"మరి నన్ను ఇప్పకుండానే రాసీసినావేటి?"

మామయ్య ఉన్నపళంగా నేల మీద కూలబడ్డాడు. తలపట్టుకున్నాడు. "నువ్వేడిస్తే నాను సూడ్లేనే పైడీ" అన్నాడు, వెక్కుతూ.

"నేనేడుస్తానని ఎవడు చెప్పినాడు నీకు? ఇప్పుడు ఏడుస్తన్నది ఎవరు?"

ఈసారి కలకత్తాకు నేనూ వెళ్లాను. వేరే సర్జన్, బెంగాలీ ఆయన. "బొషున్ దీదీ" అని టీచర్‌ను కూర్చోమంటూ ఎదుటి కుర్చీ చూపించాడు. టీచర్ కూర్చున్నారు, మగవాళ్లు వెనక నిలబడ్డారు. నాకు ఆ దృశ్యం చూస్తే కడుపు నిండింది. ఆయన ఫిలిం వెలుగుకు పెట్టి వేలితో చూపిస్తూ చెప్పాడు: "పాత పద్ధతిలో లెక్కేస్తే ఇది మూడో స్టేజి. కొత్త పద్ధతిలో అయితే రెండో స్టేజి."

బయటికి రాగానే మామయ్య విరుచుకుపడ్డాడు. "సూసినావా? ఒకడు మూడంటాడు, ఒకడు రెండంటాడు! ఇంకోడి దగ్గరకెల్తే సున్నా అంటాడు, ఇంటికెల్లిపోదుము. ఈళ్లకే తెల్దు!"

టీచర్ నవ్వారు. అలసటతో గొంతు ముక్కులోకి జారుతున్నా నవ్వారు. "గుడ్డని గజంతో కొలిస్తే ఒక అంకె, మీటరుతో కొలిస్తే ఇంకో అంకె. గుడ్డ పొడుగు మారినాదేటి అన్నియ్యా?"

ఆ రోజు ఆ సర్జన్ చెప్పింది, తర్వాత నేను చదివి సరిచూసుకున్నది, ఇక్కడ రాయడం నా బాధ్యత. మనవాళ్లు సినిమాల్లో నేర్చుకున్న స్టేజీలు అన్ని గడ్డలకూ ఒకటి కావు. ఏ అవయవం కొలబద్ద ఆ అవయవానిదే. థైమస్ గడ్డకు పాత పద్ధతి ఇలా చూస్తుంది: గడ్డ తన తొడుగులోనే ఉంటే ఒకటి, తొడుగు దాటి పక్కనున్న కొవ్వులోకి వెళితే రెండు, గుండె పొరనో, ఊపిరితిత్తినో, పెద్ద రక్తనాళాన్నో పట్టుకుంటే మూడు, అక్కడి పొరల మీద విత్తనాలు చల్లినట్టు పడితే, లేదా దూరానికి పాకితే నాలుగు. కొత్త పద్ధతి తయారుచేసిన వాళ్లు ఎందరో రోగుల అనుభవాన్ని పక్కపక్కన పెట్టి చూశారు. తొడుగు దాటి కొవ్వులోకి వెళ్లినంత మాత్రాన రోగి భవిష్యత్తు పెద్దగా మారడం లేదని తేలింది. దాన్ని ఒకటిలోనే కలిపేశారు. గుండె పొర వరకే వెళ్లినదాన్ని రెండు అన్నారు. తప్పు తెలిస్తే అంకె మార్చుకున్నారు. సైన్సుకు ఇది సిగ్గు కాదు, దాని గౌరవమే ఇందులో ఉంది. మా ఊళ్లో అమ్మ పలికిన మాట మాత్రం ఎప్పుడూ తప్పదు, ఎందుకంటే జరిగాక మాటను మార్చుకుంటాం.

బయటికి రాకముందే టీచర్ ఆ గదిలో సూటిగా అడిగారు. "నేనెన్నాళ్లుంటాను డాక్టరుగారూ?" ఆయన తప్పించుకోలేదు. "స్కాన్ చూసి చెప్పే స్టేజి అంచనా మాత్రమే దీదీ. తెరిచి చూసి, తీసినదాన్ని మైక్రోస్కోపు కింద పెట్టాకే అసలు స్టేజి తెలుస్తుంది. అన్నిటికంటే ముఖ్యం ఏమీ మిగల్చకుండా తీయగలిగానా లేదా అన్నది. పూర్తిగా వస్తే చాలా ఏళ్ల గురించి మాట్లాడుకోవచ్చు. మిగిలితే ఆ మాట మారుతుంది. కణాల రకాన్ని బట్టీ మారుతుంది. ఇవి ఎక్కువగా నిదానంగా పెరిగేవి, కానీ ఎన్నో ఏళ్ల తర్వాత కూడా తిరిగి రావచ్చు. కాబట్టి నా మొహం మీరు చాలాకాలం చూడాల్సి ఉంటుంది." టీచర్, "మీ మొహం బాగానే ఉందిలెండి" అన్నారు హిందీలో. ఆ గదిలో అందరూ నవ్వారు, మామయ్య తప్ప.

ముందు మందులతో కండరాల నీరసాన్ని అదుపులోకి తెచ్చారు. అలా చేయకుండా కోస్తే ఆపరేషన్ తర్వాత ఊపిరే ఆగిపోవచ్చునట. తర్వాత రొమ్ము ఎముక తెరిచారు. గుండె పొరను అంటుకున్న ముక్కతో సహా గడ్డ వచ్చింది. కానీ ఊపిరితిత్తిని కప్పిన పొర మీద ఆవగింజల్లాంటివి కనబడ్డాయి. స్కాన్‌లో లేనివి. కనబడినవన్నీ తీశానన్నాడు సర్జన్, కనబడనివి లేవని చెప్పలేనన్నాడు. ఇప్పుడది నాలుగు. పాత పద్ధతిలోనూ నాలుగే, కొత్త పద్ధతిలోనూ నాలుగే.

నేను ఆసుపత్రి వసారాలో మామయ్యను అనకూడని మాటలన్నీ అన్నాను. వానాకాలం నుంచి ఎండాకాలం దాకా కొబ్బరికాయలు కొట్టావు, ఆ గింజలు నీ మొక్కు ప్రసాదం అన్నాను. ఆ మాటలు అన్నందుకు నాకు ఈ రోజుకూ బాధ లేదు. బాధ వేరే చోట ఉంది.

టీచర్‌కు మాట వచ్చాక, మంచం పక్కన కూర్చుని ఆవిడకూ అదే చెప్పాను. "అప్పుడే కోసి ఉంటే ఇవి ఉండేవి కావు టీచర్. మీ అన్నయ్యే చేశాడు."

"రుజువేదే?" గొంతు గుసగుసలా ఉంది. కానీ వరండాలో వాదసభ నడిపిన గొంతే అది.

నా దగ్గర లేదు. సర్జన్‌ను ముందే అడిగాను. అంత చిన్నవి స్కాన్‌కు అందకపోవచ్చు, మొదటి రోజే ఉన్నాయో తర్వాత పడ్డాయో ఎవరూ చెప్పలేరు అన్నాడు. ఆ మాట నేను టీచర్ దగ్గర దాచబోయాను; దాచలేక చెప్పాను.

"మరి? నీకు కోపమొచ్చినాదని నా జబ్బుకి చరిత్ర రాసీకు. అన్నియ్య నా ప్రాణం తీసినాడని నువ్వనలేవు. నా నిర్ణయం తీసీసుకున్నాడు. అది మాత్రం రుజువున్నాది. తిట్టడానికి అది చాలదేటి?"

అన్నను క్షమించారా అని ఇప్పటికీ నన్నడుగుతారు. జ్ఞాపకాలు రాసేవాళ్లు చివరికి అందరినీ కావలించుకోవాలని పాఠకులు కోరుకుంటారు. లేదు, క్షమించలేదు. ఒకే ఇంట్లో ఉన్నారు, ఆయన చేతి టీ తాగారు, ఆయనకు జ్వరమొస్తే నుదుటిన తడిగుడ్డ వేశారు. కానీ డాక్టరు గదిలోకి ఆయన్ను మళ్లీ ఎప్పుడూ రానివ్వలేదు. "నువ్వు బయట బెంచీ మీద కూకో అన్నియ్యా" అనేవారు, చాలా మామూలుగా. ఆయన వెళ్లి కూర్చునేవాడు. అంత కఠినమైన శిక్ష నేనెక్కడా చూడలేదు, అంత న్యాయమైనదీ చూడలేదు.

రేడియేషన్ ఇచ్చారు. ఆ తర్వాత ఆవిడ ఏళ్లపాటు బతికారు, నిదానంగా పెరిగే గడ్డ కాబట్టి, మంచి సర్జన్ దొరికాడు కాబట్టి, మాత్రలు వేళకు వేసుకున్నారు కాబట్టి. ఊరికి ఈ కారణాలు నచ్చలేదు. "మూడో స్టేజి మనిసిని అమ్మ నిలబెట్టినాది" అన్నారు. కన్ను మూసిన అమ్మే మళ్లీ కరుణించిందట! శిక్ష వేసినా అమ్మ గొప్పే, తీసేసినా అమ్మ గొప్పే. మామయ్య మొక్కు చెల్లించి ఘటం ఎత్తించాడు. డప్పులు అరుగు ముందు ఆగినప్పుడు టీచర్ లోపల మంచం మీద ఉన్నారు. నేను పక్కనే ఉన్నాను, చప్పుడుకు మా మాట మాకే వినబడలేదు. ఆవిడ నవ్వుతున్నారని భుజాలు కదలడం బట్టి తెలిసింది. డప్పులు కదిలాక చూస్తే అది నవ్వు కాదు, బుగ్గలు తడిగా ఉన్నాయి.

ఒక చలికాలం దగ్గు పట్టుకుంది. ఛాతీ కండరాలు ఊపిరిని లాగలేకపోయాయి. ఆసుపత్రిలోనే పోయారు. సంతాపసభకు గుడి పక్కన షామియానా వేశారు. జీవితమంతా బొట్టు పెట్టుకోని మనిషి ఫొటోకు కుంకుమ పెట్టారు. మామయ్య మైకు పట్టుకుని, "అప్పుడే డాక్టరు మూడో స్టేజి అన్నాడు. అయినా అమ్మోరు ఇన్నేళ్లుంచినాది" అని ఏడ్చాడు. జనం కళ్లు తుడుచుకున్నారు. నేను లేచి మైకు తీసుకుని రెండే మాటలు చెప్పాను: ఆవిడ జబ్బు సంగతి నెలల తరబడి ఆవిడకు చెప్పలేదని, చెప్పాక ఆపరేషన్‌కు వెళ్లాలన్న నిర్ణయం ఆవిడదేనని. ఎవరో మైకు వైరు లాగేశారు. "సచ్చిపోయినోళ్ల ముందర ఇయ్యేటి మాటలు?" అని ఒక పెద్దాయన కసిరాడు. బతికున్నప్పుడు వద్దు, చచ్చిపోయాకా వద్దు. మరి ఎప్పుడు చెప్పమంటారో ఆయన చెప్పలేదు.

ఇప్పుడు సెటిల్‌మెంట్‌లో ఎవరికి పెద్ద జబ్బు చేసినా రిపోర్టులు పట్టుకుని నా దగ్గరకు వస్తారు. సభల్లో నన్ను తిట్టేవాళ్లు కూడా వస్తారు. నేను డాక్టరును కానని చెబుతాను, అయినా వస్తారు. వచ్చేది మాత్రం ఎప్పుడూ కొడుకో, అల్లుడో, తమ్ముడో. జబ్బు మనిషి రాదు. పోయిన వారం గోల్ బజార్‌లో దుకాణం ఉన్న ఒకతను వచ్చాడు. వాళ్లమ్మకు కడుపులో గడ్డ. "స్టేజి రెండు రాసినారు, మంచిదేనాండి? అమ్మకి తెలీకూడదు. బయట టోటోలో కూకోబెట్టినాను" అన్నాడు. నేను లేచి చెప్పులు వేసుకున్నాను. "ఎక్కడికండీ?" అంటూ అతను నా వెనకే పరిగెత్తుకొచ్చాడు.

వాకిట్లో ఆగిన ఆ బ్యాటరీ రిక్షాలో ఒక ముసలామె కొంగు తలమీదకు లాక్కుని కూర్చుని ఉంది. "అమ్మా, నీ ఒంట్లో ఏముందో నీకు తెలుసుకోవాలని ఉందా?" అని అడిగాను.

ఆమె నన్ను కాదు, కొడుకును చూసింది. "నాకేటి తెల్సు తల్లీ. మా గుంటణ్ణడుగు. ఆడికన్నీ తెల్సు."

ఇన్నేళ్లుగా నేను బయటి తాళాలతోనే పోట్లాడాను. ఆ గది లోపలి నుంచి కూడా గడియ పెట్టి ఉంటుందని నాకు వాదసభల్లో ఎవరూ చెప్పలేదు. కొడుకు ముఖంలో గెలుపు కనబడింది. వద్దంటే ఊరుకుంటానని ఒకప్పుడు టీచర్‌కు నేనే మాటిచ్చిన పద్ధతి ఇది. సరేనమ్మా అని వెనక్కి తిరిగాను. అప్పుడామె నా చీర చెంగు పట్టుకుంది.

"కోస్తే నొప్పెడతాదేటమ్మా?"

"ఏటీ ఉండదే అమ్మా..." అని కొడుకు అందుకున్నాడు.

"పెడుతుందమ్మా" అన్నాను. "కొన్నాళ్లు బాగానే పెడుతుంది. తర్వాత తగ్గుతుంది. నొప్పికి మందులుంటాయి, అడిగితే ఇస్తారు. నువ్వే అడగాలి."

ఆమె కొడుకు వైపు ఒకసారి చూసి, నా వైపు తిరిగింది. ఒళ్లోని సంచి తీసి కాళ్ల దగ్గర పెట్టి, సీటు మీద పక్కకు జరిగింది.

"ఎక్కి కూకో తల్లీ. ఇంకేటున్నాదో సెప్పు."